క్యాన్సర్ కారక వైరస్‌కు బాల్యంలో టీకా: నిర్బంధం, సమ్మతి, నైతికత

క్యాన్సర్‌కు దారితీసే వైరస్‌ల నుంచి కాపాడేందుకు పిల్లలకు వేసే టీకాలను ప్రభుత్వం తప్పనిసరి చేయవచ్చునా, చేస్తే ఏ హద్దులకు లోబడి చేయాలి, తల్లిదండ్రుల సమ్మతికీ పిల్లల ఇష్టానికీ అందులో ఎంత చోటుండాలి అన్న ప్రశ్నలు ప్రజారోగ్య నీతిశాస్త్రంలో గత రెండు దశాబ్దాలుగా ఎడతెగని చర్చకు గురవుతున్నాయి. ఈ చర్చ ప్రధానంగా గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌కు కారణమయ్యే హ్యూమన్ పాపిల్లోమా వైరస్ (హెచ్‌పీవీ) టీకా చుట్టూ తిరిగినా, దానికంటే ముందే కాలేయ క్యాన్సర్‌కు కారణమయ్యే హెపటైటిస్ బి వైరస్‌పై టీకా ప్రపంచమంతటా శిశువులకు అందుబాటులోకి వచ్చింది. తెలుగు ప్రాంతాలకు ఈ రెండు టీకాలతోనూ గాఢమైన సంబంధం ఉంది. ఒకటి హైదరాబాదులో తయారై చౌకగా ఇంటింటికీ చేరింది. రెండవది 2009–10లో అప్పటి ఖమ్మం జిల్లా బాలికలపై ప్రయోగించిన తీరు దేశవ్యాప్త వివాదమై పార్లమెంటుకూ సుప్రీంకోర్టుకూ వెళ్ళింది. ఆ ఉదంతంలో టీకా వేయించుకోవాలని నిర్బంధించే చట్టమేదీ లేదు. అయినా వేలాది బాలికలకు కాదనే అవకాశం లేకపోయింది. అందుకే ఈ విషయంలో చట్టం ఏమంటుందో తెలుసుకున్నంత మాత్రాన సరిపోదు, వద్దని చెప్పగల స్థితిలో ఎవరున్నారో కూడా చూడవలసి ఉంటుంది.

వైరస్, వ్యాధి, టీకా

హెచ్‌పీవీలో 200కు పైగా రకాలు ఉన్నాయి. వీటిలో కొన్ని చర్మంపై పులిపిర్లు కలిగించి ఊరుకుంటాయి. మరికొన్ని జననాంగాల పొరల్లో ఏళ్ళ తరబడి నిలిచి, కణాల స్వభావాన్ని మార్చి, చివరకు క్యాన్సర్‌కు దారితీస్తాయి. గర్భాశయ ముఖద్వార క్యాన్సర్లలో సుమారు 70 శాతానికి 16, 18 అనే రెండు రకాలే కారణం. ఈ సంబంధాన్ని వెలికితీసిన జర్మన్ శాస్త్రవేత్త హరాల్డ్ జుర్ హౌజెన్‌కు 2008లో నోబెల్ బహుమతి లభించింది. వైరస్ ప్రధానంగా లైంగిక సంపర్కం ద్వారా సోకుతుంది. సోకిన వారిలో అత్యధికుల శరీరం ఒకటి రెండేళ్ళలో దానిని తనంతట తానే వదిలించుకుంటుంది. వదలని కొద్దిమందిలో క్యాన్సర్ బయటపడడానికి పది పదిహేనేళ్ళు, ఒక్కోసారి అంతకంటే ఎక్కువ కాలమే పడుతుంది.

టీకాలో సజీవ వైరస్ గానీ దాని జన్యు పదార్థం గానీ ఉండదు. వైరస్ పై తొడుగులోని ప్రోటీన్‌తో తయారుచేసిన, వైరస్ ఆకారాన్ని మాత్రమే పోలిన రేణువులు ఉంటాయి. అప్పటికే సోకిన వైరస్‌ను ఈ టీకా తొలగించలేదు కనుక, సోకే అవకాశం రాకముందే, అంటే 9 నుంచి 14 ఏళ్ళ మధ్య వేయాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచిస్తుంది. నైతిక చర్చలోని చిక్కు అంతా ఈ వయసుతోనే మొదలవుతుంది: రక్షణ అవసరమయ్యేది యుక్తవయస్కురాలికి, నిర్ణయం జరిగేది ఆమె బాల్యంలో, నిర్ణయించేది మరొకరు.

టీకా ఫలితం గురించి సందేహానికి ఇప్పుడు పెద్దగా తావు లేదు. స్వీడన్‌లో 17 ఏళ్ళలోపు టీకా వేయించుకున్న స్త్రీలలో ఈ క్యాన్సర్ 88 శాతం తగ్గిందని 2020లోనూ, ఇంగ్లండులో 12–13 ఏళ్ళకు వేయించుకున్నవారిలో 87 శాతం తగ్గిందని 2021లోనూ ప్రచురితమైన అధ్యయనాలు చూపాయి. భారతదేశంలో ఏటా లక్షా ఇరవై వేలకు పైగా స్త్రీలకు ఈ వ్యాధి వస్తున్నదనీ, డెబ్బై అయిదు వేలమందికి పైగా మరణిస్తున్నారనీ అంతర్జాతీయ అంచనాలు చెబుతున్నాయి. వ్యాధిని ముందే పసిగట్టే పరీక్ష ఉన్నది గానీ, 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 30–49 ఏళ్ళ భారతీయ స్త్రీలలో ఆ పరీక్ష ఒక్కసారైనా చేయించుకున్నవారు రెండు శాతం లోపే. రక్తస్రావంతో, నొప్పితో ఆసుపత్రికి వచ్చేనాటికి చాలామందిలో వ్యాధి ముదిరిపోయి ఉంటుంది.

హెపటైటిస్ బి: వివాదం లేని ముందరి టీకా

క్యాన్సర్‌ను నివారించిన తొలి టీకా హెపటైటిస్ బి టీకా. తైవాన్ 1984లో నవజాత శిశువులకు దానిని వేయడం మొదలుపెట్టగా, పిల్లలలో కాలేయ క్యాన్సర్ తగ్గుముఖం పట్టిందని 1997లో వెల్లడైంది. అదే 1997లో హైదరాబాదులోని శాంతా బయోటెక్నిక్స్ సంస్థ, కె.ఐ. వరప్రసాదరెడ్డి సారథ్యంలో, జన్యు సాంకేతికతతో తయారైన తొలి భారతీయ హెపటైటిస్ బి టీకాను 'షాన్‌వాక్ బి' పేరుతో విడుదల చేసింది. అంతవరకు దిగుమతి టీకా కొనగలిగినవారికే అందిన రక్షణ దాని రాకతో సామాన్యులకు చేరువైంది; 2011 నాటికి సార్వత్రిక టీకా కార్యక్రమంలో భాగంగా దేశమంతటికీ విస్తరించింది.

పుట్టిన 24 గంటల్లోగా ప్రసూతి వార్డులో పడే ఈ టీకాకు ఏ తల్లీ ప్రత్యేక సమ్మతి పత్రంపై సంతకం చేయలేదు, చేయమని ఎవరూ అడగలేదు. హెపటైటిస్ బి కూడా లైంగిక సంపర్కంతో సోకే వైరసే. అయినా ఆ టీకా తల్లిదండ్రులను కలవరపెట్టకపోవడానికి కారణం, శైశవంలో సోకితే పదిమందిలో తొమ్మిదిమందికి అది జీవితాంతం నిలిచిపోతుంది కాబట్టి అప్పుడే వేయవలసిన అవసరం స్పష్టంగా కనిపించడం, వేసేది పొత్తిళ్ళలోని బిడ్డకు కావడం, ఆడామగా తేడా లేకుండా అందరికీ వేయడం. హెచ్‌పీవీ టీకా విషయంలో ఈ మూడూ తలకిందులయ్యాయి. ఈడేరే వయసులో ఉన్న ఆడపిల్లలను మాత్రమే వరుసలో నిలబెట్టి, వారి గర్భసంచి గురించి మాట్లాడే టీకా ఇది. 'మా పిల్లకే ఎందుకు, ఇప్పుడే ఎందుకు' అన్న తల్లి ప్రశ్న అజ్ఞానంతో పుట్టినది కాదు. దానికి జవాబు చెప్పవలసిన బాధ్యత టీకా వేసేవారిది.

నిర్బంధానికి గల రూపాలు

టీకా నిర్బంధమంటే అన్నిచోట్లా ఒకే అర్థం లేదు. భారతదేశంలో మశూచి కాలంనాటి 1880 టీకా చట్టం పురపాలక ప్రాంతాల్లో పిల్లలకు టీకా వేయించని తల్లిదండ్రులపై చర్యకు వీలు కల్పించింది. అమెరికాలో జరిమానాకంటే బడి ప్రవేశానికి టీకాను షరతుగా పెట్టే పద్ధతి స్థిరపడింది. మశూచి టీకా నిరాకరించిన వ్యక్తిపై విధించిన జరిమానాను సమర్థిస్తూ 1905లో జేకబ్‌సన్ కేసులో అమెరికా సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు దీనికి న్యాయపునాది వేసింది.

హెచ్‌పీవీ టీకా రాగానే ఈ పునాదిపైనే కొత్త నిర్బంధాలు కట్టే ప్రయత్నం జరిగింది. 2007 ఫిబ్రవరిలో టెక్సాస్ గవర్నర్ రిక్ పెర్రీ బాలికలకు దానిని తప్పనిసరి చేస్తూ ఉత్తర్వు ఇవ్వగా, టీకా తయారీదారైన మెర్క్ కంపెనీ రాష్ట్రాల శాసనసభ్యులను ప్రభావితం చేస్తున్నదన్న విమర్శ చెలరేగి, కొద్ది నెలల్లోనే అక్కడి శాసనసభ దానిని రద్దు చేసింది. వర్జీనియా, వాషింగ్టన్ నగరం మాత్రం తల్లిదండ్రులు వద్దనుకుంటే తప్పుకునే వీలుతో చట్టాలు చేశాయి; రోడ్ ఐలాండ్ 2015లో బాలురకూ బాలికలకూ సమానంగా వర్తించే నిబంధన తెచ్చింది. ఇందుకు భిన్నంగా ఆస్ట్రేలియా 2007లో, భూటాన్ 2010లో, రువాండా 2011లో చట్టపు ఒత్తిడి కంటే బడుల ద్వారా ఉచితంగా, ఊరూరా ముందుగా వివరించి వేసే పద్ధతిపైనే ఆధారపడి అత్యధిక శాతం బాలికలకు టీకా చేర్చాయి. ఒత్తిడికంటే అందుబాటూ నమ్మకమూ ఎక్కువ పని చేస్తాయనడానికి ఈ దేశాల అనుభవం బలమైన సాక్ష్యం. నమ్మకం చెదిరితే ఏమవుతుందో జపాన్ చూపింది: దుష్ప్రభావాల వార్తల నడుమ 2013 జూన్‌లో ప్రభుత్వం టీకా సిఫారసును నిలిపివేయగా, సుమారు 70 శాతం ఉన్న వినియోగం ఒక శాతం లోపుకు పడిపోయింది, సిఫారసు పునరుద్ధరణకు 2022 ఏప్రిల్ దాకా పట్టింది.

ఖమ్మం జిల్లా ఉదంతం

అమెరికాలోని సియాటిల్ కేంద్రంగా పనిచేసే పాథ్ అనే స్వచ్ఛంద సంస్థ, బిల్ అండ్ మెలిండా గేట్స్ ఫౌండేషన్ ఆర్థిక సహాయంతో, భారత్, పెరూ, ఉగాండా, వియత్నాం దేశాల్లో హెచ్‌పీవీ టీకాను ప్రభుత్వ కార్యక్రమాల్లో ఎలా చేర్చవచ్చో పరిశీలించే ప్రాజెక్టును చేపట్టింది. భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) 2007 ఫిబ్రవరిలో దానితో ఒప్పందం చేసుకుంది. దేశంలో ఈ టీకాలకు అనుమతి లభించినది 2008లో. అంటే అనుమతి రాకముందే ఒప్పందం కుదిరింది. టీకాలను వాటి తయారీ కంపెనీలే ఉచితంగా ఇచ్చాయి. గుజరాత్‌లోని వడోదర జిల్లాకు గ్లాక్సో స్మిత్‌క్లైన్ వారి సెర్వారిక్స్, అప్పటి ఆంధ్రప్రదేశ్‌లోని ఖమ్మం జిల్లాకు మెర్క్ వారి గార్డసిల్ కేటాయించారు.

ఖమ్మంలో 2009 జూలై 9న కార్యక్రమం మొదలైంది. భద్రాచలం, కొత్తగూడెం, తిరుమలాయపాలెం మండలాల్లో 10–14 ఏళ్ళ బాలికలు సుమారు 14 వేలమందికి టీకా వేశారు. మొదటిది గిరిజన మండలం, రెండవది సింగరేణి గనులున్న పట్టణ ప్రాంతం, మూడవది గ్రామీణం. వీరిలో గిరిజన సంక్షేమ ఆశ్రమ పాఠశాలల్లో, వసతిగృహాల్లో ఉండి చదువుకునే బాలికలు పెద్దసంఖ్యలో ఉన్నారు. టీకా వేసినవారు ప్రభుత్వ ఆరోగ్య సిబ్బంది. వేసిన చోటు బడి. దీంతో ఇది పరిశోధనలో భాగమని గానీ, వేయించుకోకపోవచ్చునని గానీ తల్లిదండ్రులకు తోచే వీలు తక్కువ. ఎప్పుడూ వేసే టీకాలలాగానే ఇదీ సర్కారు టీకా అనుకోవడం సహజం.

2010 మార్చిలో భద్రాచలం ప్రాంతానికి వెళ్ళిన 'సమా' వంటి మహిళా ఆరోగ్య సంస్థలు అక్కడి పరిస్థితిని వెలుగులోకి తెచ్చాయి. టీకా వేయించుకున్న బాలికల్లో ఏడుగురు, ఆంధ్రప్రదేశ్‌లో ఐదుగురు, గుజరాత్‌లో ఇద్దరు, ఆ తర్వాతి కాలంలో మరణించినట్లు వెల్లడైంది. 2010 ఏప్రిల్‌లో కేంద్ర ప్రభుత్వం ప్రాజెక్టును నిలిపివేయించి విచారణ సంఘాన్ని నియమించింది. పురుగుమందు తాగడం, పాముకాటు, నీటమునక, మలేరియా వంటివి మరణ కారణాలుగా ప్రభుత్వ విచారణల్లో నమోదయ్యాయి. టీకాకూ మరణాలకూ సంబంధం నిరూపితం కాలేదు. ఈ సంగతిని స్పష్టంగా చెప్పడం అవసరం, ఎందుకంటే 'టీకా వల్ల ఏడుగురు చనిపోయారు' అన్న మాట ఆధారం లేకుండానే నేటికీ ప్రచారంలో ఉన్నది. అయితే టీకా కారణం కాదని తేలినంత మాత్రాన ప్రాజెక్టు నిర్దోషి కాదు. బిడ్డ మరణించినప్పుడు అది టీకా వల్లనా కాదా అని వెంటనే, కుటుంబానికి నమ్మకం కలిగేలా పరిశీలించే ఏర్పాటు లేకపోవడమే ఒక నైతిక వైఫల్యం.

సమ్మతి పత్రాల సంగతి అంతకంటే తీవ్రమైనది. వైద్య నీతిలో సమ్మతి అంటే వేయబోయేదేమిటో, లాభనష్టాలేమిటో తెలిసి, ఒత్తిడి లేకుండా ఇచ్చే ఒప్పుకోలు. పద్దెనిమిదేళ్ళు నిండని వారి తరఫున తల్లిదండ్రులో చట్టబద్ధ సంరక్షకులో దానిని ఇవ్వాలి. పరిశోధనలో ఊహ తెలిసిన పిల్లల అంగీకారాన్ని కూడా విడిగా తీసుకోవాలి. ఆంధ్రప్రదేశ్‌కు సంబంధించి పరిశీలనకు వచ్చిన 9,543 పత్రాల్లో 1,948 పత్రాలపై వేలిముద్రలున్నాయి. 2,763 పత్రాలపై వసతిగృహ వార్డెన్లు సంతకం చేశారు. ఒక నిపుణుడు 100 పత్రాలు తీసి చూస్తే 69 పత్రాల్లో సాక్షి సంతకం లేదు, చాలా పత్రాలపై తేదీలు లేవు, ఏడు పత్రాలపై సంతకం ఒకే వ్యక్తిది. వార్డెన్లూ ప్రధానోపాధ్యాయులూ ఇలా సంతకాలు చేసింది సొంత చొరవతో కాదు, తల్లిదండ్రుల బదులు సంతకం చేయవచ్చునన్న రాష్ట్ర ప్రభుత్వ ఆదేశంతో.

వార్డెన్ స్థానాన్ని ఇక్కడ కాస్త నిలకడగా ఆలోచించాలి. ఆశ్రమ పాఠశాలలో వార్డెన్ పిల్లలకు వేళకు అన్నం పెట్టిస్తారు, జ్వరమొస్తే ఆసుపత్రికి తీసుకువెళతారు, సెలవు చీటీపై సంతకం చేస్తారు. రోజువారీ సంరక్షణలో తల్లిదండ్రుల స్థానంలోనే ఉంటారు. కానీ ఆయన గానీ ఆమె గానీ ప్రభుత్వోద్యోగి. జిల్లా అధికారులు రేపు టీకా వేయాలంటే, వద్దని పత్రం తిప్పి పంపగల స్వాతంత్ర్యం ఆ ఉద్యోగంలో లేదు. టీకా వేయించే ప్రభుత్వం, సమ్మతి తెలిపే ప్రభుత్వం ఒకటే అయిన చోట పత్రం ఉన్నా సమ్మతి లేనట్లే. వాస్తవంలో అది నిర్బంధ టీకా. టెక్సాస్ ఉత్తర్వులో వద్దనే వీలు కాగితంపైనైనా ఉండేది. ఏ నిర్బంధమూ లేదన్న భద్రాచలం వసతిగృహంలో అది కూడా లేదు.

పార్లమెంటు, న్యాయస్థానం

ఆరోగ్య, కుటుంబ సంక్షేమ శాఖకు సంబంధించిన పార్లమెంటరీ స్థాయీ సంఘం 2013 ఆగస్టు 30న సమర్పించిన 72వ నివేదికలో ఈ ప్రాజెక్టును కఠినంగా విమర్శించింది. దీనిని కేవలం పరిశీలనాత్మక అధ్యయనంగా పేర్కొని క్లినికల్ పరీక్షలకు వర్తించే నియమాలను తప్పించుకున్నారనీ, సార్వత్రిక టీకా కార్యక్రమంలో చేరితే కంపెనీలకు కలిగే వాణిజ్య లాభమే దీని వెనుక ఉన్నదనీ, ఐసీఎంఆర్ తన బాధ్యత మరచి తొందరపడిందనీ సంఘం అభిప్రాయపడింది. పాథ్ సంస్థ ఈ ఆరోపణలను ఖండించింది. ఉద్దేశాల గురించి సంఘం చేసిన వ్యాఖ్యలన్నిటినీ అంగీకరించకపోయినా, సమ్మతి పత్రాల్లో బయటపడిన లోపాలను తోసిపుచ్చడానికి ఆధారం లేదు.

2012లో దాఖలైన ప్రజాప్రయోజన వ్యాజ్యం, కల్పనా మెహతా వర్సెస్ కేంద్ర ప్రభుత్వం, అనుకోని మలుపు తిరిగింది. స్థాయీ సంఘం నివేదికను న్యాయస్థానం ఆధారంగా స్వీకరించవచ్చునా అన్న రాజ్యాంగ ప్రశ్న తలెత్తి, ఐదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం 2018 మే 9న, స్వీకరించవచ్చు గానీ నివేదిక చెల్లుబాటును కోర్టులో సవాలు చేయరాదని తీర్పు చెప్పింది. పార్లమెంటుకూ న్యాయవ్యవస్థకూ ఉండవలసిన సంబంధంపై అది విలువైన తీర్పు. అయితే భద్రాచలం బాలికల పేరిట మొదలైన వ్యాజ్యం దేశానికి తెలిసింది ప్రధానంగా ఆ రాజ్యాంగ సూత్రం ద్వారానే కావడం బాధాకరం.

నిర్బంధ టీకాపై నేరుగా తీర్పు వచ్చినది కోవిడ్ సందర్భంలో. జేకబ్ పులియెల్ కేసులో జస్టిస్ ఎల్. నాగేశ్వరరావు, జస్టిస్ బి.ఆర్. గవాయ్‌ల ధర్మాసనం 2022 మే 2న, రాజ్యాంగం 21వ అధికరణం కింద తన శరీరంపై వ్యక్తికున్న హక్కును గుర్తించి, ఎవరినీ బలవంతంగా టీకా వేయించుకోమనరాదని ప్రకటించింది. అదే సమయంలో, ఇతరులకు వ్యాధి వ్యాపించే ప్రమాదం ఉన్నప్పుడు ప్రభుత్వం ప్రజాహితం కోసం సహేతుకమైన పరిమితులు విధించవచ్చునని కూడా చెప్పింది. హెచ్‌పీవీకి ఈ కొలమానాన్ని అన్వయిస్తే నిర్బంధం నిలబడడం కష్టం.

వాదాలు, ప్రతివాదాలు

ఎందుకు కష్టమో చూడాలంటే తట్టు వ్యాధితో పోల్చాలి. తట్టు సోకిన పిల్ల తరగతిలో దగ్గితే పక్క బల్ల మీది పిల్లకు సోకుతుంది. అందువల్ల టీకా లేని పిల్లను బడికి రానివ్వకపోవడానికి తోటి పిల్లల రక్షణ అనే కారణం ఉంది. హెచ్‌పీవీ తరగతి గదిలో వ్యాపించదు. అది సోకడానికి గానీ సోకకపోవడానికి గానీ బడితో సంబంధం లేదు. కాబట్టి దానిని బడి ప్రవేశానికి షరతు చేస్తే, ప్రభుత్వం పిల్లలు గుమిగూడే చోటును అదనుగా వాడుకుంటున్నదే తప్ప అక్కడి ప్రమాదాన్ని నివారించడం లేదు. ఆడపిల్ల చదువు ఆగిపోవడానికి ఇప్పటికే చాలినన్ని కారణాలున్న సమాజంలో మరొక కారణాన్ని చట్టమే సృష్టించడం ఆమెకు మేలు చేయదు.

నిర్బంధ సమర్థకుల వాదనలోనూ బలమున్నది. పిల్ల తల్లిదండ్రుల సొత్తు కాదు. ఆమెకు రేపటి జీవితం ఉంది, నలభై అయిదేళ్ళకు రాబోయే క్యాన్సర్‌ను నేడు ఒక సూదితో ఆపగలిగినప్పుడు, అపోహతోనో పరువు భయంతోనో తండ్రి వద్దంటే ఆ 'వద్దు'కు ఆమె ప్రాణంకంటే ఎక్కువ విలువ ఇవ్వాలా అని వారు అడుగుతారు. పైగా తగినంతమందికి టీకా పడితే వైరస్ ప్రసారమే తగ్గి, టీకా పడనివారికి కూడా కొంత రక్షణ కలుగుతుంది. దీనినే సామూహిక రోగనిరోధకత అంటారు. ఈ వాదన ప్రభుత్వంపై గట్టి బాధ్యతను మోపుతుంది: టీకాను ఉచితంగా, ఇంటికి దగ్గరగా, నమ్మకం కలిగే సమాచారంతో అందించడం. కానీ అది చేయకముందే నిర్బంధానికి వెళ్ళే అధికారాన్ని మాత్రం ఇవ్వదు. వేలల్లో ఖర్చయ్యే టీకాను ప్రభుత్వం ఇవ్వనన్నాళ్ళూ టీకా అందకుండా చేసినది తల్లిదండ్రుల నిరాకరణ కాదు, పేదరికం.

భారతీయ చర్చలో తరచు మరుగునపడే అంశం బాలుర సంగతి. వైరస్‌ను మోసేది ఇద్దరూ. పురుషులలోనూ గొంతు, మలద్వార, పురుషాంగ క్యాన్సర్లకు ఇది కారణం. పరిమిత వనరులతో మొదట బాలికలకు వేయడం సమర్థనీయమే గానీ, బాలికలకు మాత్రమే నిర్బంధం చేయడమంటే ఇద్దరూ పంచుకునే ప్రమాదానికి ఒకరి శరీరాన్నే బాధ్యురాలిని చేయడం. ఆస్ట్రేలియా 2013లో బాలురను కూడా చేర్చి ఈ అసమానతను తొలగించింది.

ఆగిపోయిన డోసుల ఫలితం

2010 నిలిపివేత ప్రభావం ఖమ్మంతో ఆగలేదు. ప్రపంచ ఆరోగ్య సంస్థకు అనుబంధమైన అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ, రెండు డోసులు మూడు డోసులంత రక్షణ ఇస్తాయా అని తెలుసుకోవడానికి 2009లో భారత్‌లో ప్రారంభించిన వేరొక అధ్యయనం కూడా మధ్యలోనే ఆగింది. అందులో హైదరాబాదులోని ఎం.ఎన్.జె. క్యాన్సర్ ఆసుపత్రి కూడా భాగస్వామి. అప్పటికి టీకా పడిన 17,729 మంది బాలికల్లో 4,950 మందికి ఒక్క డోసుతోనే సరిపెట్టవలసి వచ్చింది. పరిశోధకులు వారిని వదిలిపెట్టక ఏళ్ళ తరబడి పరిశీలించగా, 16, 18 రకాల దీర్ఘకాలిక సంక్రమణ నుంచి ఒక్క డోసు కూడా 95 శాతానికి పైగా రక్షణ ఇచ్చినట్లు 2021లో తేలింది. 2022లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఒక్క డోసు పద్ధతిని ఆమోదించడానికి తోడ్పడిన ఆధారాల్లో ఇది ముఖ్యమైనది.

ఈ ఫలితం ఖమ్మంలో జరిగిన సమ్మతి లోపాన్ని మాఫీ చేయదు. మరోవైపు, ఆ లోపానికి మూల్యం చెల్లించినది కూడా తప్పు చేసినవారు కాదు. వివాదం తర్వాత జాతీయ కార్యక్రమంలో ఈ టీకా చేరిక ఏళ్ళ తరబడి వెనుకబడింది. 2016లో పంజాబులోని రెండు జిల్లాలు, 2018లో సిక్కిం రాష్ట్రం తమంతట తాము ముందుకు వచ్చాయి. తెలుగు రాష్ట్రాల్లో వివాదం తర్వాతి పదేళ్ళలో టీకా వయసు దాటిపోయిన లక్షలాది బాలికలకు, కొనగలిగిన కుటుంబాల పిల్లలకు తప్ప, రక్షణ అందలేదు. పుణేలోని సీరం ఇన్‌స్టిట్యూట్ తయారుచేసిన స్వదేశీ టీకా సెర్వావాక్‌కు 2022 జూలైలో అనుమతి లభించడం, అదే ఏడాది జాతీయ సాంకేతిక సలహా బృందం సార్వత్రిక కార్యక్రమంలో చేర్చాలని సిఫారసు చేయడం, 2024 ఫిబ్రవరి మధ్యంతర బడ్జెట్ ప్రసంగంలో 9–14 ఏళ్ళ బాలికలకు టీకాను ప్రోత్సహిస్తామని కేంద్రం ప్రకటించడంతో దారి మళ్ళీ తెరచుకుంది.

చోడవరం ప్రాంతానికి అన్వయం

ఈ పాఠాలు క్షేత్రస్థాయిలో ఎలా వర్తిస్తాయో ఒక ప్రాంతాన్ని తీసుకుని చూద్దాం. పూర్వం విశాఖపట్నం జిల్లాలో, 2022 ఏప్రిల్ నుంచి అనకాపల్లి జిల్లాలో ఉన్న చోడవరం, మైదానానికీ మన్యానికీ మధ్యనున్న పట్టణం. చుట్టూ చెరకు పొలాలు, గోవాడ సహకార చక్కెర కర్మాగారం. పడమరగా మాడుగుల దాటితే పాడేరు ఏజెన్సీ కొండలు మొదలవుతాయి. క్యాన్సర్ వచ్చిన స్త్రీ ప్రత్యేక చికిత్సకు విశాఖపట్నం కింగ్ జార్జ్ ఆసుపత్రికో, అగనంపూడిలోని హోమీ భాభా క్యాన్సర్ ఆసుపత్రికో వెళ్ళాలి. రేడియేషన్ అయితే వారాల తరబడి తిరగాలి, కూలి పోవాలి, తోడు ఒకరుండాలి. ఇలాంటి చోట నివారణకు ఉన్న విలువ నగరంలోకంటే ఎక్కువ. భద్రాచలం ఏజెన్సీకీ పాడేరు ఏజెన్సీకీ ఆశ్రమ పాఠశాలల వ్యవస్థ ఒకే తరహాది కనుక, అక్కడ జరిగిన పొరపాటు ఇక్కడ మళ్ళీ జరిగే అవకాశమూ అంతే ఉన్నది.

చోడవరం చుట్టుపక్కల గ్రామాల్లో పిల్లల టీకాల లెక్క గ్రామ నర్సు (ఏఎన్ఎం) రిజిస్టరులో, ఇంటింటి కబురు ఆశ కార్యకర్త నోటిలో ఉంటాయి. తల్లి నమ్మేది ఆశ కార్యకర్త మాటనే. కాబట్టి గర్భసంచి క్యాన్సర్ అంటే ఏమిటి, ఈ సూది పిల్లలు పుట్టకుండా చేస్తుందా, వేశాక కళ్ళు తిరిగితే ఏం చేయాలి, భవిష్యత్తులో పరీక్షలు మానేయవచ్చా అన్న నాలుగు ప్రశ్నలకు ఆమె తడుముకోకుండా జవాబు చెప్పగలగాలి. టీకా వేయించుకున్నా ముప్పై ఏళ్ళు దాటాక పరీక్ష అవసరమేననీ, టీకా సంతానశక్తిని దెబ్బతీయదనీ, వేశాక పావుగంటైనా కూర్చోబెట్టి చూడాలనీ ఆమెకు ముందుగా శిక్షణలో చెప్పాలి. చెరకు నరికే రోజుల్లో తల్లిదండ్రులిద్దరూ తెల్లవారకముందే పొలానికి పోతారు. బడి సంచిలో వచ్చిన కాగితం మీద అన్నో మేనమామో వేలిముద్ర వేసి పంపితే దానిని సమ్మతిగా లెక్కించడం ఖమ్మంలో జరిగినదాన్నే చిన్న ఎత్తున తిరిగి చేయడం. చదవడం రాని తల్లికి పత్రం చదివి వినిపించాలి, వినిపించినవారు తమ పేరు రాయాలి, ప్రభుత్వోద్యోగి కాని సాక్షి ఒకరు పక్కనుండాలి.

నష్టపరిహారం విషయంలో కూడా ప్రభుత్వం ముందే మాట ఇవ్వాలి. క్లినికల్ పరీక్షల్లో హాని జరిగితే పరిహారం చెల్లించే నియమాలు 2013లో వచ్చాయి, 2019 నిబంధనల్లో స్థిరపడ్డాయి. అయితే అవి పరిశోధనలో చేరినవారికే గానీ మామూలు కార్యక్రమంలో టీకా వేయించుకున్న పిల్లలకు వర్తించవు. అమెరికాలో టీకా హానికి, ఎవరి తప్పో నిరూపించనక్కరలేకుండా పరిహారమిచ్చే చట్టం 1986 నుంచి ఉన్నది. అందరి మేలు కోసం ఒక పిల్ల చేయి చాపినప్పుడు, లక్షల్లో ఒకరికి తటస్థించే హాని భారాన్ని ఆ ఒక్క కుటుంబానికే వదిలేయడం అన్యాయం.

వసతిగృహాల బాలికల విషయంలో వార్డెన్ సంతకం చెల్లదని రాతపూర్వకంగా ప్రకటించడం, వార్డెన్‌ను కూడా ఇరకాటం నుంచి తప్పిస్తుంది. ఉత్తరాంధ్ర వసతిగృహాలు దసరాకూ సంక్రాంతికీ ఖాళీ అవుతాయి. పిల్లలు ఇళ్ళకు వెళ్ళే ముందురోజు పత్రాన్ని తెలుగులో, అవసరమైన చోట ఆశ కార్యకర్త గిరిజన భాష కువిలోనో కొండ మాటలోనో వివరించేలా ఏర్పాటు చేసి ఇచ్చి, సెలవుల్లో తల్లిదండ్రులు ఇంటి దగ్గర తీరికగా మాట్లాడుకుని సంతకమో నిరాకరణో చేసి పంపగా, తిరిగి వచ్చిన వారం తర్వాత టీకా వేస్తే ఆలస్యమయ్యేది కొద్ది వారాలే. వద్దని వచ్చిన పత్రాలను విడిగా భద్రపరచి, ఆ బాలికలకు పద్నాలుగేళ్ళు నిండేలోపు మళ్ళీ ఒకసారి అడగవచ్చు. పద్దెనిమిది నిండాక వారే స్వయంగా వచ్చి అడిగితే అప్పుడూ ఉచితంగానే వేయాలి.